కాల్షియము సర్వరోగ నివారిణియా? - ఒక గ్రంథముపై విమర్శ

ఒక్కొక్క కాలమున ఒక్కొక్క ఆహార పదార్థమునకు రాజయోగము పట్టుట ఆహారశాస్త్ర చరిత్రలో క్రొత్త సంగతి కాదు. ఒకప్పుడు మాంసకృత్తులకు పట్టినది. తరువాత విటమినులకు పట్టినది. కొన్ని దశాబ్దములుగా కాల్షియమునకు కూడ ఆ యోగము నడచుచున్నది. కీళ్ళనొప్పి మొదలు క్యాన్సరు వరకు గల సమస్త వ్యాధులును ఆహారములో కాల్షియము చాలకపోవుట చేతనే కలుగుచున్నవనియు, అది తగినంత పుచ్చుకొనినవారికి రోగభయమే యుండదనియు చెప్పు గ్రంథములు, ప్రకటనలు, ఉపన్యాసములు అసంఖ్యాకముగా వెలువడినవి. వీనిలో మిక్కిలి ప్రచారము పొందినది రాబర్ట్ బేర్‌ఫుట్, కార్ల్ రైక్ అనువారు 1992లో ప్రకటించిన 'ది కాల్షియం ఫ్యాక్టర్' అను ఆంగ్ల గ్రంథము.

ఇంత పాతదైన పుస్తకమును ఇప్పుడు విమర్శకు తీసికొనుట ఎందుకని పాఠకులు అడుగవచ్చును. గ్రంథము పాతబడినది గాని అందలి వాదములు పాతబడలేదు. అవే వాదములు పేరు మార్చుకొని, 'క్షారజలము' అనియు, 'శరీరములోని ఆమ్లమును కడిగివేయు ఆహారము' అనియు మన ఊళ్ళలో కూడ తిరుగుచున్నవి. మన విద్యార్థులు వానిని ఇంటివద్ద విని, తరగతిలో సైన్సు ఉపాధ్యాయుని ప్రశ్నించుచున్నారు. ఆ ప్రశ్నకు 'అదంతా వట్టిమాట' అని ఒక్క ముక్కలో చెప్పిన చాలదు. అందులో కొంత సత్యము కూడ కలదు. సత్యమునకు అసత్యము ఎచ్చట అతికించబడినదో చూపుటయే విమర్శకుని పని.

గ్రంథము యొక్క మూలసిద్ధాంతము సులభముగా చెప్పదగినదే. కాల్షియము, డి విటమిను లోపించినచో శరీర ద్రవములు ఆమ్లగుణము పొందును. ఆమ్ల ద్రవములలో నున్న కణములు రోగగ్రస్తములగును. క్యాన్సరు, గుండెజబ్బు, రక్తపుపోటు మున్నగునవన్నియు దీని ఫలములే. కావున కాల్షియము నిచ్చి ద్రవములను క్షారగుణము గలవానిగా మార్చినచో ఇవన్నియు తొలగును. రోగి యొక్క లాలాజలమును లిట్మసు వంటి కాగితముతో పరీక్షించి అతని ఆరోగ్యస్థితిని తెలిసికొనవచ్చునట. జపానుకు చెందిన ఒకినావా ద్వీపవాసులు దీర్ఘాయువులగుటకు కారణము అచ్చటి పగడపు దిబ్బల నుండి నీటిలో కరగు కాల్షియమేనట.

వాదము చదువుటకు హాయిగా నున్నది. ఆమ్లము, క్షారము, తటస్థీకరణము అనునవి ఉన్నత పాఠశాల రసాయన శాస్త్రములోనివే కాబట్టి పిల్లలకు కూడ వెంటనే బోధపడును. కాని శరీరము ఒక బీకరు కాదు. ఈ గ్రంథమునందలి మొదటి పెద్దదోషము ఇదియే.

మన రక్తముయొక్క పి.హెచ్. విలువ 7.35కు, 7.45కు మధ్య నుండును. ఈ ఇరుకైన సందును కాపాడుటకు శరీరములో మూడు ఏర్పాట్లున్నవి. రక్తములోని బైకార్బొనేటు మొదలగునవి ఆమ్లమును అప్పటికప్పుడు పట్టుకొనును. ఊపిరితిత్తులు బొగ్గుపులుసు వాయువును బయటికి పంపును. ఆమ్లము హెచ్చినచో ఊపిరి వేగము దానంతటదే హెచ్చును. మూత్రపిండములు మిగిలిన ఆమ్లమును నెమ్మదిగా విసర్జించును. మూత్రపిండములు చెడిపోయినను, మధుమేహము విషమించినను రక్తము ఆమ్లగుణము వైపు మొగ్గునుగాని, ఒకపూట పాలు త్రాగకపోయినంత మాత్రమున మొగ్గదు. మన మొక కాల్షియము మాత్ర మ్రింగినప్పుడు జరుగునది ఏమి? అందలి కార్బొనేటు కడుపులోని ఉదజహరికామ్లముతో కలియును, బొగ్గుపులుసు వాయువు వెలువడును, కొంచెము త్రేన్పు వచ్చును. ఛాతీమంటకు సున్నపురాతి పొడి మాత్రలు వాడుట అందుకే. అంతకు మించి రక్తము క్షారమగుట లేదు.

ఈ వాదము చేయువారు తమకు అండగా జర్మను శాస్త్రజ్ఞుడు ఆటో వార్‌బుర్గ్ పేరును తరచుగా చెప్పుదురు. క్యాన్సరునకు కారణము ఆమ్లమని ఆయన నిరూపించి నోబెల్ బహుమానము నందెనని వారి మాట. వార్‌బుర్గ్‌కు 1931లో నోబెల్ బహుమానము వచ్చినమాట నిజమే. అయితే అది కణశ్వాసక్రియలో పాల్గొను ఒక ఎంజైము యొక్క స్వభావమును, పనిచేయు తీరును కనుగొన్నందుకు వచ్చినది. క్యాన్సరు కణములు ప్రాణవాయువు సమృద్ధిగా నున్నను గ్లూకోజును లాక్టికామ్లముగా మార్చుచుండునని ఆయన గమనించెను. అదియును గొప్ప పరిశీలనమే. కాని దానిని బట్టి క్యాన్సరు కంతి చుట్టు ఆమ్లము చేరుటకు కంతియే కారణమని తేలునుగాని, ఆమ్లము చేరుట వలన కంతి పుట్టినదని తేలదు. కార్యమును కారణముగా చేసి చెప్పుట ఈ గ్రంథములో పదే పదే కనబడు తార్కిక దోషము. తర్కము బోధించు ఉపాధ్యాయులకు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకదు.

లాలాజల పరీక్ష సంగతి మరింత విచిత్రము. ఉమ్మి యొక్క పి.హెచ్. విలువ మనము ఏమి తింటిమి, ఎంతసేపటి క్రిందట తింటిమి, ఉమ్మి ఎంత వేగముగా ఊరుచున్నది అను వానిని బట్టి గంటగంటకు మారుచుండును. పాఠశాల ప్రయోగశాలలో పి.హెచ్. కాగితముండినచో ఒక విద్యార్థిచే ఉదయము పరగడుపున ఒకసారి, ఏదైన నమలిన తరువాత ఒకసారి పరీక్ష చేయించి చూడవచ్చును. నమలునప్పుడు ఉమ్మి ఎక్కువగా ఊరును, దానితో బైకార్బొనేటు కూడ ఎక్కువగా వచ్చును, కాగితము క్షారము వైపు రంగు మారును. ఆ విద్యార్థి ఆరోగ్యము పది నిముషములలో మెరుగుపడినదని ఎవరనగలరు?

పగడపు సున్నము కథ ఇంకొకటి కలదు. పగడపు దిబ్బలు ముఖ్యముగా కాల్షియము కార్బొనేటు. మన నాపరాయి, గ్రుడ్డుపెంకు, ఆల్చిప్ప, నత్తగుల్ల కూడ ముఖ్యముగా అదే పదార్థము. కడుపులోని ఆమ్లములో కరగిన తరువాత ఏర్పడునది కాల్షియము అయాను. ఆ అయాను ఒకినావా సముద్రము నుండి వచ్చినదా, బేతంచర్ల గని నుండి వచ్చినదా అని పేగు అడుగదు. పగడపు కాల్షియము మిగిలినవానికంటె ఎన్నోరెట్లు ఎక్కువగా రక్తమున చేరునన్న మాటకు రసాయనశాస్త్రములో ఆధారము లేదు. పైగా 'సహజము' అను మాట ఎల్లప్పుడు శుభసూచకము కాదు. 1993లో 70 రకముల కాల్షియము మాత్రలను పరీక్షించిన ఒక పరిశోధనలో, ఎముకలపొడి వంటి సహజ వస్తువులతో చేసిన వానిలో సీసము పాలు ఎక్కువగా కనబడినది.

ఇక ఒకినావా వాసుల దీర్ఘాయువు. వారి ఆయుఃప్రమాణము ఒకప్పుడు ప్రఖ్యాతమే. 1985లో జపానులోని 47 మండలములలో ఒకినావా పురుషులు ఆయుష్షులో మొదటి స్థానమున నుండిరి. 2000 నాటికి వారు 26వ స్థానమునకు దిగిరి. ఈ పదునైదేండ్లలో పగడపు దిబ్బలు మారలేదు. మారినది వారి ఆహారము. పాతతరము వారు తమ శక్తిలో సగముకంటె ఎక్కువ చిలగడదుంపల నుండి పొందుచు, కూరగాయలు, సోయా వంటకములు, మితభోజనము అలవాటుగా గలవారు. యుద్ధానంతరము పెరిగిన తరములకు కొవ్వు హెచ్చైన క్రొత్త ఆహారము అలవడినది. ఆయుష్షు సున్నమునందే యుండినయెడల ఈ పతనమునకు అర్థము లేదు.

గ్రంథకర్తయగు బేర్‌ఫుట్ తరువాత కెవిన్ ట్రూడో అను ప్రచారకునితో కలిసి అమెరికా టెలివిజనులో పగడపు కాల్షియమును గూర్చి దీర్ఘప్రకటనలు చేసెను. అది క్యాన్సరును, గుండెజబ్బును, లూపసును, రక్తపుపోటును కుదుర్చునని వారి ప్రకటన. 2003 జూనులో అమెరికాలోని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వీనిని అబద్ధపు ప్రకటనలుగా ఎంచి న్యాయస్థానమున అభియోగము వేసినది. 2004లో ట్రూడో ఇరువది లక్షల డాలర్లు చెల్లించుటకు, ఇట్టి దీర్ఘప్రకటనలలో వస్తువుల నమ్మకుండుటకు ఒప్పుకొనవలసి వచ్చినది. అయితే ఒక గ్రంథము తప్పని చెప్పుటకు న్యాయస్థానము తీర్పు చాలదు. శాస్త్రములో తీర్పు చెప్పవలసినది ప్రయోగము. ఆ ప్రకటనలలో, ప్రసిద్ధ వైద్యపత్రికలే కాల్షియము క్యాన్సరును తిరుగద్రోయునని నిరూపించినవని కూడ చెప్పబడినది. ఆ పత్రికలలో నిజముగా నున్నది ఏమో చూడవలెను.

1999లో 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్' పత్రికలో ఒక పరిశోధన వెలువడినది. పెద్దపేగు లోపలిపొరపై చిన్న పిలకలు లేచుట కొందరికి కలదు. వానిలో కొన్ని ఏండ్లు గడచిన తరువాత క్యాన్సరుగా మారవచ్చును. ఇట్టి పిలకలను తీసివేయించుకొన్న 930 మందిలో కొందరికి రోజునకు 1200 మిల్లీగ్రాముల కాల్షియము, మిగిలినవారికి మందులేని బూటకపు మాత్ర నాలుగేండ్లు ఇచ్చిరి. కాల్షియము తిన్నవారిలో నూటికి 31 మందికి, తిననివారిలో నూటికి 38 మందికి పిలకలు మరల కనబడినవి. ఇది మెచ్చదగిన ఫలితమే. కాని 'నూటికి ఏడుగురిలో పిలక రాలేదు' అను మాటకును, 'క్యాన్సరు కుదురును' అను మాటకును గల దూరమెంతో చూడుడు. పైగా కథ అక్కడ ముగియలేదు. 2006లో ప్రకటింపబడిన అమెరికా స్త్రీల ఆరోగ్య పరిశోధనలో 36,282 మంది స్త్రీలకు సగటున ఏడేండ్లు కాల్షియము, డి విటమిను గాని, బూటకపు మాత్రగాని ఇచ్చి చూడగా పెద్దపేగు క్యాన్సరులో తేడా కనబడలేదు. మొదటి పరిశోధన చేసిన బృందమే 2015లో 2,259 మందిపై మరల ప్రయోగము చేయగా పిలకలలో కూడ తేడా కనబడలేదు. ఒక ప్రయోగములో వచ్చిన ఫలితమును ఇంకొక ప్రయోగముచే పరీక్షించుకొనుట శాస్త్రజ్ఞుల మర్యాద. ప్రకటనకర్తకు మొదటిది దొరికిన చాలును.

ఇంతవరకు గ్రంథముయొక్క దోషములను చెప్పితిమి. నా దృష్టిలో దీనికంటె పెద్ద అపకారము వేరొకటి కలదు. కాల్షియము అన్నిటిని నివారించునని అరచుట వలన, అది నిజముగా నివారించు వ్యాధుల మాట ఆ గోలలో వినబడకుండ పోవుచున్నది. ఆ నిజమైన కథ ప్రకటనలకంటె ఆసక్తికరమైనది.

వయస్సు వచ్చిన మనుష్యుని శరీరములో సుమారు ఒక కిలోగ్రాము కాల్షియము కలదు. (పూర్వపు పాఠ్యగ్రంథములలో దీనిని ఖటికము అని వ్రాసెడివారు, చక్కని మాట, ఎందుచేతనో నిలువలేదు.) ఇందులో నూటికి 99 పాళ్ళు ఎముకలలోను, పండ్లలోను నుండగా, మిగిలిన ఒక్కపాలు కండరముల ముడుచుకొనుటకు, నాడుల ప్రేరణకు, రక్తము గడ్డకట్టుటకు అక్కరకు వచ్చుచున్నది. ఈ ఒక్కపాలును శరీరము ప్రాణప్రదముగా కాపాడుకొనును. ఆహారములో చాలనప్పుడు గొంతువద్దనున్న పారాథైరాయిడ్ గ్రంథులు హార్మోనును స్రవించి ఎముకల నుండి అప్పు తెచ్చును. కావున రక్తపరీక్షలో కాల్షియము సరిగానున్నదని తేలినంత మాత్రమున ఆహారములో చాలినంత కలదని చెప్పరాదు. ఖజానా ఖాళీయగుచున్నను దుకాణములో సరకు నిండుగానే కనబడును.

ఈ అప్పు పిల్లలలో తీరకపోయినచో ఎముకలు మెత్తబడి వంగును. అదియే రికెట్సు వ్యాధి. మన పాఠ్యపుస్తకములలో లోపము-వ్యాధి అను పట్టికలో 'డి విటమిను - రికెట్సు' అని ఒక్క గీతలో తేల్చివేయుదురు. ఈ గీత సగము సత్యము. ఎండ పుష్కలముగా నుండు నైజీరియాలో పిల్లలకు రికెట్సు ఎందుకు వచ్చుచున్నదను ప్రశ్నకు 1999లో థాచర్ మొదలగువారు సమాధానము చెప్పిరి. అచ్చటి పిల్లల ఆహారములో రోజునకు సుమారు 200 మిల్లీగ్రాముల కాల్షియమే యున్నది. వ్యాధిగ్రస్తులైన 123 మంది పిల్లలను మూడు జట్లుగా చేసి, ఒక జట్టుకు కాల్షియము, ఒక జట్టుకు డి విటమిను, ఒక జట్టుకు రెండును ఇచ్చిరి. ఇరువది నాలుగు వారములకు, డి విటమిను మాత్రము పుచ్చుకొన్న జట్టులో నూటికి 19 మందికే బాగుగా నయమైనది. కాల్షియము పుచ్చుకొన్న రెండు జట్లలోను నూటికి సుమారు 60 మందికి నయమైనది. పాఠ్యపుస్తకపు పట్టికలో కాల్షియము పేరు కూడ చేర్చుట న్యాయము. ఎండయున్న దేశములో దొడ్డికాళ్ళ పిల్లవానిని చూచినప్పుడు, 'వీడు ఏమి తినుచున్నాడు?' అని అడుగుట ఉపాధ్యాయునికి, వైద్యునికి కూడ మొదటి ప్రశ్న కావలెను.

రెండవ కథ సున్నమునకు సంబంధించినదే. గర్భిణీ స్త్రీలకు రక్తపుపోటు హెచ్చి, కాళ్ళు వాచి, తుదకు మూర్ఛలు వచ్చు జబ్బును మనవారు గుర్రపువాతము అందురు. దానికి ముందుదశలోనే ఎందరో తల్లులు, శిశువులు మరణించుచున్నారు. గ్వాటెమాలాలోని మాయా తెగ స్త్రీలు పేదవారైనను వారిలో ఈ జబ్బు తక్కువగా కనబడుట బెలిజాన్, విల్లార్ అను వైద్యులను ఆకర్షించినది. మాయా స్త్రీలు మొక్కజొన్నలను సున్నపునీటిలో నానబెట్టి, ఉడికించి, రుబ్బి రొట్టెలు చేయుదురు. ఆ సున్నము వారి ఆహారములో కాల్షియమును పెంచుచున్నది. బహుశః రక్షణ దానియందే కలదని ఆ వైద్యులు 1980లో ఊహించిరి. ఊహను ఊహగానే చెప్పిరి. తరువాత ప్రయోగములు జరిగినవి.

ఇక్కడ పాఠకులు ఒక చిక్కును గమనించవలెను. 1997లో అమెరికాలో 4,589 మంది తొలిచూలు గర్భిణులకు రోజునకు రెండు గ్రాముల కాల్షియముగాని, బూటకపు మాత్రగాని ఇచ్చి చూడగా ఏమియు ప్రయోజనము కనబడలేదు. ఆహారములో కాల్షియము తక్కువగా నున్న దేశములలో చేసిన ప్రయోగములలోనో, ప్రయోజనము స్పష్టముగా కనబడినది. రెండును నిజమే. అమెరికా స్త్రీలకు ఆహారములోనే చాలినంత దొరకుచున్నది. నిండిన కుండలో నీరు పోసిన ఒలికిపోవును. అందుచేతనే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011 నుండి, ఆహారములో కాల్షియము తక్కువగా నున్న ప్రాంతములలోని గర్భిణులకు మాత్రమే రోజునకు 1.5 నుండి 2 గ్రాముల కాల్షియమును సిఫారసు చేసినది. అంత పెద్ద మోతాదు పేదదేశములలో అందించుట కష్టమని, 2024 జనవరిలో ప్రకటింపబడిన ప్రయోగములలో మన దేశమందు 11,000 మందికి, టాంజానియాలో 11,000 మందికి 500 మిల్లీగ్రాములు, 1500 మిల్లీగ్రాములు ఇచ్చి పోల్చి చూచిరి. మన దేశపు ప్రయోగము బెంగుళూరులో జరిగినది. గుర్రపువాతపు ముందుదశను అరికట్టుటలో చిన్న మోతాదు పెద్ద మోతాదునకు తీసిపోలేదు. మూడింట ఒకవంతు ఖర్చుతో పని జరుగునని దీని భావము. సర్వరోగ నివారిణి యని అరచినవారెవరును తల్లుల ప్రాణములు నిలుపు ఇట్టి లెక్కను మనకు ఇవ్వలేదు.

మూత్రపిండములలో రాళ్ళ విషయములో మన ప్రజలు దీనికి పూర్తిగా విపరీతమైన భ్రమలో నున్నారు. రాయిలో కాల్షియమున్నది, కావున పాలు, పెరుగు మానవలెను అని ఊరూర చెప్పుకొందురు. వినుటకు సబబుగానే యుండును. అయితే 1993లో 45,619 మంది పురుషులపై చేసిన పరిశీలనలో, ఆహారములో కాల్షియము ఎక్కువగా తిన్నవారికే రాళ్ళు తక్కువగా వచ్చినట్లు తేలినది. 2002లో ఇటలీలో మునుపే రాళ్ళు వచ్చిన 120 మందిని రెండు సమాన జట్లుగా చేసి, ఒక జట్టుకు కాల్షియము తగ్గించి, రెండవ జట్టుకు కాల్షియము మామూలుగా నుంచి ఉప్పును, మాంసమును తగ్గించి ఐదేండ్లు చూచిరి. మొదటి జట్టులో 23 మందికి, రెండవ జట్టులో 12 మందికి మాత్రమే మరల రాళ్ళు వచ్చినవి. కారణము రసాయనశాస్త్రము చదివినవారికి తేలికగా తోచును. రాళ్ళలో ఎక్కువభాగము కాల్షియము ఆక్సలేటు. భోజనములోని కాల్షియము పేగులోనే ఆక్సలేటును పట్టుకొని కరగని లవణముగా మార్చి మలముతో బయటికి తీసికొనిపోవును. పేగులో కాల్షియము లేనిచో ఆక్సలేటు స్వేచ్ఛగా రక్తములో చేరి మూత్రములోనికి దిగును. అయితే భోజనముతో కాక వేరుగా మాత్రల రూపమున పుచ్చుకొను కాల్షియమునకు ఈ గుణము లేదు. పైన చెప్పిన అమెరికా స్త్రీల పరిశోధనలో మాత్రలు తిన్నవారికి రాళ్ళు నూటికి 17 పాళ్ళు ఎక్కువగా వచ్చినవి. ఒకే మూలకము, కంచములో నున్నప్పుడు ఒకరీతిగాను, సీసాలో నున్నప్పుడు మరొకరీతిగాను ప్రవర్తించుట ఎంత విచిత్రము!

ముసలితనపు ఎముకల గుల్లతనమును గూర్చి క్లుప్తముగా చెప్పెదను, ఏలయన అక్కడ వాదప్రతివాదము ఇంకను సాగుచున్నది. 1992లో ఫ్రాన్సులో వృద్ధాశ్రమములలోని 3,270 మంది వృద్ధస్త్రీలలో, కాల్షియము, డి విటమిను పుచ్చుకొన్నవారికి పదునెనిమిది నెలలలో తుంటి ఎముక విరుగుట నూటికి 43 పాళ్ళు తగ్గినది. అమెరికా స్త్రీలలో అట్టి స్పష్టమైన లాభము కనబడలేదు. ఆశ్రమములలో ఎండ చూడని, పోషణ చాలని ముదుసలులు ఒకవైపు. బాగుగా తిని తిరుగు స్త్రీలు ఇంకొకవైపు. మళ్ళీ అదే నిండిన కుండ, వెలితి కుండ. కాల్షియము మాత్రల వలన గుండెపోటు కొంత హెచ్చునని 2010లో కొందరు పరిశోధకులు లెక్కకట్టిరి. వేరుకొందరు దానిని అంగీకరించలేదు. వెలితి లేనివారు మాత్రల జోలికి పోకుండుటకు ఈ వివాదమే చాలిన కారణమని నా అభిప్రాయము.

మన కుండ వెలితియా, నిండుదా? భారత వైద్య పరిశోధన మండలి 2010లో పెద్దవారికి రోజునకు 600 మిల్లీగ్రాములని చెప్పినది. 2020లో దానిని 1000 మిల్లీగ్రాములకు పెంచినది. పాలిషు పట్టిన బియ్యము 100 గ్రాములలో కాల్షియము 10 మిల్లీగ్రాములకు మించదు. అదే తూకము రాగులలో సుమారు 350 మిల్లీగ్రాములున్నది. రాయలసీమవారి రాగిసంకటిని పేదవాని తిండి యని చిన్నచూపు చూచినవారు ఈ రెండు అంకెలను ప్రక్కప్రక్కన వ్రాసికొని చూడవలెను. ఒక గ్లాసు పాలలో 200 మిల్లీగ్రాములకు పైగా నుండును. ఆకుకూరలలో చాలినంత కలదుగాని పాలకూర వంటి వానిలో ఆక్సలేటు దానిని పట్టియుంచుటచే పట్టికలోని అంకె అంతయు మనకు దక్కదు. మునగాకు ఈ విషయములో మెరుగు. మన ఆహారపట్టికలలో 'ఎంత కలదు' అని చెప్పుదురుగాని 'ఎంత ఒంటికి పట్టును' అని చెప్పరు. ఇది పట్టికల లోపము. ఉపాధ్యాయులు నోటితో పూరింపవలసినది.

మన ప్రాంతములో కాల్షియము లోపము వేరొక దుఃఖముతో ముడిపడియున్నది. అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో బావినీటిలోని ఫ్లోరైడు వలన వెన్ను, కీళ్ళు బిగుసుకొనిపోవు వ్యాధిని షార్ట్ మొదలగువారు 1937లో మొదట వర్ణించిరి. నల్గొండ పేరు తరువాత దేశమంతట వినబడినది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో, ఫ్లోరైడు ప్రాంతములలోని యువకులలో మోకాళ్ళు లోనికి వంగిపోవు క్రొత్తరూపమును, దానితోపాటు ఎముకలు గుల్లబారుటను లోకమునకు తెలిపిరి. ఫ్లోరైడు ఎముకలలో చేరి క్రొత్త ఎముకను అస్తవ్యస్తముగా పెంచుటచే కాల్షియము అక్కర హెచ్చును. తిండిలో అది చాలనివారికి వైకల్యము తీవ్రమగును. ఇచ్చట కాల్షియము వ్యాధి తీవ్రతను తగ్గించుటకు తోడ్పడు మిత్రుడేగాని వ్యాధిని నివారించునది కాదు. నివారించునది ఫ్లోరైడు లేని నీరు. నాగపూరులోని జాతీయ పర్యావరణ సాంకేతిక పరిశోధనా సంస్థ రూపొందించిన నల్గొండ పద్ధతిలో పటిక, సున్నము కలిపి నీటి నుండి ఫ్లోరైడును తొలగింతురు. సున్నము మాత్రగా చేసి అమ్మినదానికంటె బిందెలో వేసినప్పుడు చేసిన మేలు గొప్పదన్నమాట. ఫ్లోరైడు ఊరిలో మంచినీటికి బదులు మాత్రలు పంచిపెట్టుటయే చాలునని ఎవరైన చెప్పినచో, 'ది కాల్షియం ఫ్యాక్టర్' వంటి పుస్తకముల నీడ వారిపై పడినదని తెలిసికొనవలెను.

గ్రంథముపై నా తీర్పు ఇదివరకే పాఠకులకు తెలిసియుండును. డి విటమినునకు, కాల్షియమునకు గల సంబంధమును గుర్తించుట, పోషణకును వ్యాధికిని పొత్తు కలదని నొక్కి చెప్పుట దాని మంచి గుణములు. కాని రచయితలు ఎచ్చటను 'ఎవరికి?' అను ప్రశ్న వేసికొనలేదు. ఎంత తినుచున్నవారికి, ఏ వయస్సువారికి, ఏ రూపమున ఇచ్చిన కాల్షియము, ఏ జబ్బును, నూటికి ఎందరిలో తగ్గించినది? ఈ ప్రశ్నలు లేని వైద్యగ్రంథములో ఎన్ని పుటలున్నను శాస్త్రముండదు.

తరగతిలో ఈ విషయము చెప్పువారికి ఒక చిన్న లెక్క ఉపయోగపడును. కాల్షియము కార్బొనేటు అణుభారము 100; అందులో కాల్షియము 40. మందుల దుకాణములోని మాత్ర అట్టపై 'కాల్షియం కార్బొనేట్ 1250 మి.గ్రా.' అని యున్నచో దానిలో నిజమైన కాల్షియము 500 మిల్లీగ్రాములే. ఈ లెక్కను విద్యార్థులచే చేయించి, అదే 500 మిల్లీగ్రాములు రాగులలో, పాలలో ఎంత తిన్నచో వచ్చునో, దానికి తమ ఊరి అంగడిలో వెల ఎంతయగునో కూడ కట్టి తీసికొనిరమ్మని చెప్పవచ్చును.